బార్బర్‌షాప్ హార్మనీ: అపోహలు - వాస్తవాలు

వాద్యమేదీ లేకుండా నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు స్వరాలను ఏకకాలంలో పలుకుతూ పాడే ఒక అమెరికన్ గానపద్ధతికి బార్బర్‌షాప్ హార్మనీ అని పేరు. టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాడిగా నేను ఈ పద్ధతిలో ఆ నాలుగింట్లో ఒకటైన బారిటోన్ గొంతు పాడుతున్నాను. పాడడం కంటే ఎక్కువగా, బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీ అనే సంఘంలోని మా స్థానిక శాఖకు నొటేషన్ ప్రతుల భాండారిగా, కోశాధికారిగా, కొత్తవారిని ఆహ్వానించి కూర్చోబెట్టే బాధ్యుడిగా దశాబ్దాలుగా జీతం లేని చాకిరీ చేస్తున్నాను. ఆ సంగతి చెప్పగానే మనవాళ్ల నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే: క్షౌరశాలకూ పాటకూ సంబంధమేమిటి, అది తెల్లవాళ్ల పాత కాలక్షేపం కాదా, మన సంగీతం ఉండగా అదెందుకు, రూపాయి రాని పనికి అన్ని సాయంత్రాలు ఎందుకు. ఈ ప్రశ్నల వెనుక ఉన్న అపోహల్లో కొన్ని అమాయకమైనవి. కొన్ని మాత్రం మా సంఘమే చేజేతులా పెంచి పోషించినవి. రెండో రకం వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: క్షౌరశాల పేరు కేవలం వేళాకోళానికి పెట్టింది.

వాస్తవం: ఇతరుల మాట ఎలా ఉన్నా, తెలుగువారికి ఈ సంబంధం వింతగా తోచవలసిన పని లేదు. మన పెళ్లిపందిళ్లలోనూ దేవాలయాల్లోనూ సన్నాయి ఊదినవారిలో, డోలు వాయించినవారిలో ఎంతోమంది తరతరాలుగా క్షౌరవృత్తిలో ఉన్న నాయీ బ్రాహ్మణ కుటుంబాలవారే. 16, 17 శతాబ్దాల ఇంగ్లండులోనూ వంతు కోసం వేచివుండేవారు వాయించుకోవడానికి క్షౌరశాలల్లో సిటర్న్ అనే తంత్రీవాద్యాన్ని అందుబాటులో ఉంచేవారు. అయితే అమెరికన్ పద్ధతికి మూలం ఆ ఇంగ్లండు క్షౌరశాలే అని మా పాత కరపత్రాలు చెప్పడం సరైనది కాదు. అమెరికాలో 19వ శతాబ్దపు దక్షిణాది పట్టణాల్లో క్షౌరవృత్తి చాలావరకు నల్లజాతివారి చేతుల్లో ఉండేది. పగలంతా పనిచేసిన యువకులు సాయంత్రం గుమికూడి, ఒకడు పాట ఎత్తుకుంటే తక్కిన ముగ్గురు అప్పటికప్పుడు చెవితోనే స్వరాలు వెతుక్కుంటూ జోడించే చోటు అదే. అలా నొటేషన్ లేకుండా వెతుక్కుని పాడడాన్ని మేము ఇప్పటికీ వుడ్‌షెడ్డింగ్ అంటాం.

అపోహ: ఈ పద్ధతి 1938లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో పుట్టింది.

వాస్తవం: 1938లో పుట్టింది సంఘం మాత్రమే, పాట అంతకు కనీసం అర్ధశతాబ్దం ముందునుంచీ ఉంది. టల్సాకు చెందిన పన్నుల న్యాయవాది ఓ. సి. క్యాష్, బ్యాంకర్ రూపర్ట్ హాల్ కాన్సస్ సిటీలోని ఒక హోటల్లో అనుకోకుండా కలుసుకుని, చిన్నతనంలో విన్న నాలుగు గొంతుల పాట ఇప్పుడెక్కడా వినిపించడం లేదని వాపోయి, ఊరికి తిరిగివచ్చాక మిత్రులకు ఒక సరదా ఆహ్వానపత్రం పంపారు. 1938 ఏప్రిల్ 11 సాయంత్రం టల్సా క్లబ్ మేడమీద జరిగిన తొలి కూటమికి 26 మంది వచ్చారు. వారాలు గడిచేకొద్దీ ఆ సంఖ్య సుమారు 150కి చేరిందని, తెరిచిన కిటికీల్లోంచి పాట వీధిలోకి వినిపించి వాహనాలు నిలిచిపోయాయని, ఏమిటీ గొడవ అని వచ్చిన విలేకరికి క్యాష్ తడుముకోకుండా తమకు ఇంకా ఎన్నో నగరాల్లో శాఖలున్నాయని చెప్పాడని, లేని శాఖల వార్త దేశమంతా పాకాక ఆ శాఖలు నిజంగానే వెలిశాయని మా సంఘంలో పెద్దలు పిన్నలకు చెప్పే కథ. కథలో ఉప్పూకారం ఎంత కలిసినా సంఘం పెరిగిన వేగం మాత్రం నిజం.

సంఘానికి వారు పెట్టిన పేరు కూడా వేళాకోళమే. అప్పట్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పొడి అక్షరాల పేర్లతో వరసగా సంస్థలను స్థాపిస్తుండగా, దాన్ని ఎగతాళి చేస్తూ వీరు ఎస్.పి.ఇ.బి.ఎస్.క్యూ.ఎస్.ఎ. అనే ఎనిమిది అక్షరాల పేరు తగిలించుకున్నారు. అమెరికాలో బార్బర్‌షాప్ క్వార్టెట్ (నలుగురి బృందం) గానాన్ని కాపాడి ప్రోత్సహించే సంఘం అని దాని తాత్పర్యం. 2004 నుంచి వాడుకలో బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీ అయింది. ప్రధాన కార్యాలయం 2007లో విస్కాన్సిన్‌లోని కెనోషా నుంచి నాష్‌విల్‌కు తరలింది. వ్యవస్థాపకుడైన క్యాష్ తనకు తాను ఇచ్చుకున్న పదవి పేరు ‘శాశ్వత మూడవ సహాయక తాత్కాలిక ఉపాధ్యక్షుడు’. అధ్యక్ష పదవి కోసం రెండుగా, ఆపై నాలుగుగా చీలే సంఘాలను ఈ దేశంలో మనవాళ్లలో చూసిన నాకు ఆ పదవి పేరు మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది.

అపోహ: ఇది తెల్లజాతి మధ్యతరగతి పురుషుల సృష్టి, గీతల కోటు, గడ్డిటోపీ దాని అసలు రూపం.

వాస్తవం: ఈ అపోహను వ్యాప్తి చేసింది బయటివారు కాదు, మా సంఘమే. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పెరిగిన నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1925లోనే, తమ ప్రాంతపు క్షౌరశాలల్లో క్వార్టెట్లు ఉండేవని, ఈ రకపు స్వరమేళనం అక్కడి నల్లజాతి యువకుల సొత్తని స్పష్టంగా రాశాడు. జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యంలో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో మరో ముగ్గురు పిల్లలతో కలిసి క్వార్టెట్ పాడి చిల్లర సంపాదించాడు. మిల్స్ బ్రదర్స్‌గా ప్రసిద్ధులైన అన్నదమ్ముల తండ్రికి ఒహాయోలోని పిక్వా పట్టణంలో సొంత క్షౌరశాల ఉండేది, ఆయనా క్వార్టెట్ గాయకుడే. ఇన్ని సాక్ష్యాలు కళ్లెదుటే ఉన్నా వాటిని ఒకచోట చేర్చి నిరూపించే పని 1992 దాకా జరగలేదు. ఆ ఏడాది లిన్ అబాట్ అనే పరిశోధకుడు నల్లజాతి పత్రికల నుంచి, సంగీతకారుల జ్ఞాపకాల నుంచి సేకరించిన ఆధారాలతో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. 2003లో గేజ్ ఆవెరిల్ రాసిన చరిత్ర గ్రంథం ఆ వాదాన్ని మరింత విస్తరించింది.

మూలం మరుగున పడిన తీరు కూడా తెలుసుకోదగ్గదే. 20వ శతాబ్దం తొలి రోజుల్లో గ్రామఫోన్ కంపెనీలు ఎక్కువగా తెల్లజాతి క్వార్టెట్లనే రికార్డు చేశాయి. ఆ రికార్డులు, నాటకశాలల వినోద ప్రదర్శనలు విని పెరిగిన తరం 1938 నాటికి నడివయసుకు వచ్చి, తమ బాల్యంలో విన్నదాన్నే ఆ కళ బాల్యమనుకుంది. గీతల కోటు, గడ్డిటోపీ ఆ బెంగలోంచి వచ్చిన వేషమే తప్ప క్షౌరశాలల్లో పాడినవారి దుస్తులు కావు. పొరపాటు అంతటితో ఆగలేదు. 1941లో న్యూయార్క్ నగర పోటీలో గెలిచిన గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్ అనే క్వార్టెట్‌ను, అంటే ఆ రైల్వే స్టేషన్లో సామాను మోసే నల్లజాతి కార్మికుల బృందాన్ని, సెయింట్ లూయిస్‌లో జరిగిన జాతీయ పోటీలో పాడనివ్వలేదు. అందుకు నిరసనగా న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, నగర ఉద్యానవనాల అధికారి రాబర్ట్ మోజెస్ సంఘం నుంచి తప్పుకున్నారు. అయినా నల్లజాతివారికి సభ్యత్వ ద్వారం తెరుచుకోవడానికి 1963 దాకా పట్టింది.

స్వచ్ఛంద సేవకుడి పనిలో ఈ చరిత్రకు చోటెందుకని కొందరు సహసభ్యులు నన్ను అడిగారు. మేము పాఠశాలల్లో ప్రదర్శనలిచ్చేటప్పుడు పాటకు ముందు రెండు నిమిషాల పరిచయం చెప్పేది మా వంటివారే కనుక, ఆ రెండు నిమిషాల్లో గడ్డిటోపీ కథ చెప్పాలో రెడ్ క్యాప్స్ కథ చెప్పాలో నిర్ణయించేదీ మేమే. ఒక కళను కాపాడతామని సంఘం పేరులోనే రాసుకున్నవాళ్లం దాన్ని పుట్టించినవారి పేర్లను వదిలేసి కాపాడుతున్నామనడం చెల్లదని నా అభిప్రాయం.

అపోహ: స్త్రీలకు ఇందులో చోటు లేదు.

వాస్తవం: 1945లోనే ఎడ్నా మే ఆండర్సన్ చొరవతో అదే టల్సాలో స్వీట్ అడెలైన్స్ అనే మహిళా సంఘం మొదలైంది. అక్కడ కూడా వర్ణవివక్ష తలెత్తగా, దాన్ని అంగీకరించని శాఖలు కొన్ని బయటికి వచ్చి 1959లో హార్మనీ ఇన్‌కార్పొరేటెడ్ అనే వేరు సంఘం స్థాపించాయి. పురుషుల సంఘంగా మొదలైన మా సొసైటీ 2018 జూన్‌లో స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది. ఇప్పుడు పురుషుల బృందాలు, స్త్రీల బృందాలు, ఇద్దరూ కలిసిన బృందాలు మూడూ ఉన్నాయి. స్త్రీలు పాడినా గొంతుల పేర్లు మారవు: టెనర్, లీడ్, బారిటోన్, బేస్. లీడ్ అసలు పాటను పాడుతుంది, టెనర్ దానికి పైన తేలికగా పలుకుతుంది, బేస్ అడుగున ఆధారం నిలుపుతుంది, మిగిలిపోయిన స్వరమేదైతే అది బారిటోన్ వంతు. అందుకే బారిటోన్ వరుసను ఒక్కదాన్నే పాడి వినిపిస్తే అది ఏ పాటో ఎవరికీ అంతుపట్టదు. నేను ఇంట్లో సాధన చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు తలుపు వేసుకోవడానికి అదే కారణం.

అపోహ: నలుగురు నాలుగు స్వరాల్లో పాడితే మన చెవికి అది అపస్వరమే, శ్రుతిజ్ఞానం ఉన్నవారికి ఇది పనికిరాదు.

వాస్తవం: నిజానికి శ్రుతిజ్ఞానమే ఈ పద్ధతికి ప్రాణం. పియానో మీద స్వరస్థానాలు సమాన దూరాలకు సర్దిన రాజీ స్థానాలు; బార్బర్‌షాప్ గాయకుడు ఆ రాజీని వదిలి, సహజ నిష్పత్తుల్లో స్వరాన్ని నిలపాలని చూస్తాడు. మాకు అత్యంత ప్రియమైన స్వరగుచ్ఛంలో షడ్జం, గాంధారం, పంచమం, నిషాదం 4:5:6:7 నిష్పత్తిలో ఉంటాయి. లెక్క సులువుగా ఉండడానికి బేస్ 120 హెర్ట్జ్ పౌనఃపున్యంతో షడ్జం పలుకుతోందనుకుందాం. అప్పుడు బారిటోన్ 150, లీడ్ 180, టెనర్ 210 దగ్గర నిలవాలి. ప్రతి గొంతూ తన మూలస్వరంతో పాటు దాని గుణిజాల దగ్గర అనుస్వరాలను కూడా పలుకుతుంది కనుక, బేస్ మూడో అనుస్వరం, లీడ్ రెండో అనుస్వరం రెండూ 360 దగ్గర కలుస్తాయి. బేస్ ఐదోది, బారిటోన్ నాలుగోది 600 దగ్గర కలుస్తాయి. బేస్ ఏడోది, టెనర్ నాలుగోది 840 దగ్గర కలుస్తాయి. కలిసిన చోటల్లా ధ్వని బలపడి, నలుగురిలో ఎవరూ పాడని ఐదో గొంతు ఏదో పైన మోగుతున్నట్టు వినిపిస్తుంది. మా భాషలో దాన్ని కార్డ్ (స్వరగుచ్ఛం) రింగ్ అవడం అంటాం.

అదే నలుగురు పియానో స్థానాలను పట్టుకుని పాడితే బారిటోన్ సుమారు 151.2 దగ్గర, టెనర్ సుమారు 213.8 దగ్గర పడతారు. అప్పుడు టెనర్ నాలుగో అనుస్వరం 855కి వెళ్లి, బేస్ ఏడో అనుస్వరమైన 840తో ఢీకొని, సెకనుకు 15 విస్పందనాల గరగరను పుట్టిస్తుంది. బారిటోన్ దగ్గర అదే సెకనుకు సుమారు ఐదు ఉంటుంది. ఈ తేడా కాగితం మీద చిన్నదే కాని, నిలబడి పాడేవారికి ఒంట్లో తెలుస్తుంది. బాగా శ్రుతి చేసిన తంబురా మంద్ర షడ్జం నుంచి అంతర గాంధారం దానంతటదే మోగడాన్ని, అంటే స్వయంభూ గాంధారాన్ని, విన్న కర్ణాటక సంగీత విద్యార్థికి ఈ సూత్రం కొత్తది కాదు. బేస్ గొంతులోంచి వచ్చే ఐదో అనుస్వరమే ఇక్కడా ఆ గాంధారం. నిషాదం ఒక్కటే కొంత కష్టపెడుతుంది, ఎందుకంటే మాకు కావలసిన ఏడో అనుస్వరపు నిషాదం మన కైశికి నిషాదానికి కొంచెం కిందే ఉంటుంది.

కర్ణాటక శిక్షణలో సాయపడేది శ్రుతి అయితే, అడ్డుపడేది గమకం. స్వరాన్ని కదలకుండా నిలిపితే తప్ప అనుస్వరాలు కలవవు కనుక, ఊపు, కంపితం వంటి అలవాట్లను వాకిట్లోనే విడిచి రావాలి. అచ్చుల విషయంలో మాత్రం తెలుగువాడికి కొంత లాభముంది. నలుగురి అచ్చు ఒకే ఆకారంలో లేకపోతే స్థానం సరిగ్గా ఉన్నా మోత పుట్టదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు ‘ఓ’ అని మొదలుపెట్టి చివరికి ‘ఉ’ వైపు జారడం అలవాటు. మనం ‘ఓ’ను ‘ఓ’గానే ఎంతసేపైనా నిలపగలం. మా శాఖలో కొత్తవారికి అచ్చులు దిద్దే పని నా మీద పడడానికి కారణం ఇదే తప్ప నా గొంతు గొప్పదనం కాదు.

అపోహ: నొటేషన్ చదవడం రాకపోతే, గొప్ప గొంతు లేకపోతే దగ్గరికి రానివ్వరు.

వాస్తవం: నొటేషన్ చదవలేని సభ్యులు దాదాపు ప్రతి శాఖలోనూ ఉంటారు. వారి కోసం ప్రతి పాటకూ నాలుగు సాధన రికార్డింగులు ఉంటాయి. వాటిలో ఒక చెవికి తన గొంతు వరుస, రెండో చెవికి మిగతా మూడు గొంతులు వినిపిస్తాయి కనుక, కారు నడుపుతూనో వంట చేస్తూనో నేర్చుకోవచ్చు. గొంతు ఎంత గొప్పదన్నది కూడా రెండో ప్రశ్నే. క్వార్టెట్‌లో ఒక్కో వరుసకు ఒక్కరే ఉంటారు కనుక తప్పు దాచుకోవడానికి చోటుండదు. కోరస్‌లో ఇరవై మంది మొదలు వంద పైచిలుకు దాకా ఉంటారు కనుక మామూలు గొంతులు నిరభ్యంతరంగా ఒదిగిపోతాయి. నిజంగా ఇబ్బంది పెట్టేది తన గొంతు వేరుగా వినిపించాలని కోరుకునే సమర్థుడైన గాయకుడు. అటువంటివారిని ఒప్పించి పక్కవారి గొంతులోకి కలపడం సంగీత దర్శకుడి పనిలో సగం అంటే అతిశయోక్తి కాదు.

అపోహ: స్వచ్ఛంద సేవ అంటే వారానికోసారి వెళ్లి పాడి రావడమే.

వాస్తవం: పాడడం సేవ కాదు, దాని కోసం మేమే సభ్యత్వ రుసుము కడతాం. సేవ అనదగ్గది ఆ వారపు సాధన జరగడానికి ముందూ తర్వాతా ఉంటుంది. సాధన కోసం చర్చి హాలునో బడినో అడిగి తాళంచెవి సంపాదించడం, గాయకులు వరుసలుగా నిలబడే మడత రైజర్లను ట్రక్కులోంచి దించి బిగించి మళ్లీ ఎక్కించడం, రాలేకపోయిన వృద్ధ సభ్యుడికి ఫోను చేయడం, కారు నడపలేని వారిని ఇంటి దగ్గర ఎక్కించుకుని రావడం వంటివి ఏ కార్యక్రమ పత్రంలోనూ కనిపించని పనులు. రైజర్ల విషయంలో ఒక్క మాట: నడుము నొప్పి ఉన్నవాళ్లు దీన్ని వినయంగా తిరస్కరించడమే మంచిది.

భాండారి పని మరీ ఓపిక కోరేది. బార్బర్‌షాప్ పాటలు ఎక్కువగా ఎవరో రాసిన పాటకు మరెవరో కూర్చిన నాలుగు గొంతుల రూపాలు. అసలు పాటకు హక్కుదారు ఒకరు, ఆ కూర్పుకు కర్త ఇంకొకరు ఉండవచ్చు. పాట పాతదైతే అమెరికా చట్టం ప్రకారం ప్రచురణ జరిగిన 95 ఏళ్లు నిండిన ఏడాది ముగిశాక అది అందరి సొత్తు అవుతుంది. కాని నిన్నమొన్న చేసిన కూర్పుకు హక్కులు అలాగే ఉంటాయి. ఎంతమంది పాడుతుంటే అన్ని ప్రతులు కొనాలి, ఒకటి కొని ఫొటోకాపీలు పంచడం చట్టవిరుద్ధం. సాధన రికార్డింగు చేయించడానికీ, టికెట్టు పెట్టి ప్రదర్శించడానికీ, వీడియోను ఇంటర్నెట్లో పెట్టడానికీ వేర్వేరు అనుమతులు కావాలి. ఇవన్నీ చూసుకోవడానికి ప్రతి శాఖలో ఒకరు ఉంటారు, పొగడ్త మాత్రం సోలో పాడినవాడికి దక్కుతుంది.

కోశాధికారి పనిలో ఇంకో రకపు జాగ్రత్త ఉండాలి. శాఖలు లాభాపేక్ష లేని సంస్థలు. సాలీనా రాబడి సాధారణంగా 50,000 డాలర్లకు మించని చిన్న సంస్థలు పన్నుల శాఖకు 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పత్రం దాఖలు చేస్తే సరిపోతుంది. పూర్తి చేయడానికి కొన్ని నిమిషాలు చాలు కనుకనే దాన్ని మరిచిపోతారు, వరసగా మూడేళ్లు మరిచిపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. తెలుగు బడి, సాంస్కృతిక సంఘం వంటివి నడుపుతున్న మనవాళ్లకు కూడా ఈ నియమం వర్తిస్తుంది కనుక ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

పోటీలకు మార్కులు వేసే న్యాయనిర్ణేతలు సైతం వేతనం లేని స్వచ్ఛంద సేవకులే. సంగీతం, ప్రదర్శన, గానం అనే మూడు విభాగాల్లో ఒక్కొక్కదానికి విడిగా శిక్షణ పొంది, పరీక్షలకు నిలిచి అర్హత సంపాదిస్తారు. పోటీ ముగిశాక పాడినవారిని కూర్చోబెట్టి ఎక్కడ ఏది కుదరలేదో వివరించడం కూడా వారి బాధ్యతే. చాలా బృందాలకు మార్కుల కంటే ఆ సంభాషణే ఎక్కువ ఉపయోగపడుతుందని నేను గమనించాను. వేసవిలో వారం రోజులు జరిగే హార్మనీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారిలోనూ ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని వచ్చినవారు ఎందరో ఉంటారు.

అపోహ: ఈ పాటలవల్ల పాడేవారికి తప్ప ఇంకెవరికీ ప్రయోజనం లేదు.

వాస్తవం: 1964లో మా సంఘం కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో మాట రాని, సరిగ్గా పలకలేని పిల్లలకు చికిత్స, శిక్షణ ఇచ్చే లోగోపెడిక్స్ సంస్థను తన సేవా కార్యక్రమంగా స్వీకరించింది. వారు మాట్లాడాలని మేము పాడుతున్నాం అనే అర్థమిచ్చే వాక్యాన్ని నినాదంగా పెట్టుకుని, దశాబ్దాలపాటు శాఖలు టికెట్ల సొమ్ములోంచి విరాళాలు పంపాయి. ప్రేమికుల దినోత్సవం నాడు క్వార్టెట్లు ఇళ్లకూ ఆఫీసులకూ వెళ్లి, కోరినవారి తరఫున రెండు పాటలు పాడి గులాబీ ఇచ్చి రావడం కూడా శాఖ ఖర్చులకు నిధులు సమకూర్చే మార్గమే. ఫిబ్రవరి 14న రోజంతా తిరిగాక ఆ రెండు పాటలంటే పాడినవారికే మొహం మొత్తుతుందన్నది వేరే సంగతి.

అపోహ: పోటీలో పతకం గెలవడమే పరమార్థం.

వాస్తవం: పోటీలు ప్రమాణాలను పెంచాయి, అందులో సందేహం లేదు. కాని సమ్మేళనం జరిగే హోటల్లో అర్ధరాత్రి దాటాక వరండాల్లో, మెట్ల మలుపుల్లో ఏం జరుగుతుందో చూసినవారికి ఈ కళ ఎలా నిలిచిందో అర్థమవుతుంది. పాట చివర వచ్చే నాలుగైదు ఆవర్తాల ముక్తాయింపును ట్యాగ్ అంటారు. ఒకరికొకరు పేరు కూడా తెలియని నలుగురు నిలబడతారు, వారిలో ట్యాగ్ తెలిసినవారు తక్కిన ముగ్గురికి వారి వారి వరుసలను పాడి వినిపిస్తారు, కొన్ని నిమిషాల్లో నాలుగు గొంతులూ కలిసి మోగుతాయి. కొత్త సభ్యుడిని శాఖలో నిలిపేది ఇదే అని నా అనుభవం. అందుకే మా శాఖలో సాధన మధ్య విరామంలో ఫలహారం కంటే ముందు ఒక ట్యాగ్ నేర్పే ఏర్పాటు చేశాను. చేరిన మొదటి రాత్రే తన గొంతుతో ఒక స్వరగుచ్ఛం మోగడం విన్నవారు మళ్లీ వస్తారు. నెలల తరబడి వెనక వరుసలో కూర్చోబెట్టి పాటల జాబితా చేతికిచ్చినవారు రారు.

అపోహ: ఇంటర్నెట్ ఉంది కదా, కలుసుకోకుండానే పాడుకోవచ్చు.

వాస్తవం: 2020లో మహమ్మారి వల్ల అంతర్జాతీయ సమ్మేళనం రద్దయి, సాధనలు ఆగిపోయినప్పుడు అందరం ఈ ఆశతోనే జూమ్ ముందు కూర్చున్నాం. ధ్వని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరడంలో జరిగే స్వల్పమైన ఆలస్యం మాటలకు అడ్డురాదు కాని, నలుగురు కలిసి పాడడానికి మాత్రం పూర్తిగా అడ్డుపడుతుంది. పైగా ఎదుటివారి స్వరాన్ని విని క్షణంలో తన స్వరాన్ని సర్దుకోవడమే ఈ పద్ధతి కనుక, విడివిడిగా రికార్డు చేసి అతికించింది వినడానికి బాగున్నా పాడినవారికి తృప్తినివ్వలేదు. ఆ కాలంలో జూమ్ నిజంగా ఉపయోగపడింది ఒంటరిగా ఉంటున్న పెద్దవయసు సభ్యులను వారం వారం పలకరించడానికి. కొన్ని శాఖలు నిలబడడానికీ కొన్ని మూతపడడానికీ మధ్య తేడా ఆ పలకరింపులు చేసినవారు ఉండడం, లేకపోవడమే అని నేను అనుకుంటున్నాను.

అపోహ: ఇది అమెరికన్లకు, అందులోనూ పదవీ విరమణ చేసినవారికి మాత్రమే.

వాస్తవం: బ్రిటన్‌లో 1974 నుంచి, జర్మనీలో 1991 నుంచి జాతీయ సంఘాలు పనిచేస్తున్నాయి, నార్డిక్ దేశాల్లో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో కూడా ఉన్నాయి. 2012లో స్వీడన్‌కు చెందిన రింగ్‌మాస్టర్స్ అనే యువ క్వార్టెట్ అంతర్జాతీయ పోటీలో ప్రథమ స్థానం పొందింది. ఉత్తర అమెరికా బయటి క్వార్టెట్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. రెండేళ్లకే, 2014లో, న్యూజిలాండ్‌కు చెందిన మ్యూజికల్ ఐలాండ్ బాయ్స్ గెలిచారు. కుర్రవాళ్ల బృందాలు ఇప్పుడు పాత పాటలకే పరిమితం కావడం లేదు. స్వరగుచ్ఛాలు ఈ పద్ధతికి లొంగే పాట అయితే నిన్న వచ్చిన సినిమా పాటైనా సరే కూర్చుకుంటున్నారు.

అమెరికాలో ఉన్న తెలుగువారిలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, దగ్గరలోని శాఖ వారపు సాధనకు అతిథిగా వెళ్లవచ్చు. ముందుగా ఒక ఫోను చేసి చెబితే చాలు. ఎవరో ఒకరు పక్కకు తీసుకెళ్లి, కొన్ని స్వరాలు పాడించి, ఏ వరుస మీ గొంతుకు హాయిగా ఉంటుందో చూసి, అదే వరుస పాడే పాత సభ్యుడి పక్కన నిలబెడతారు. మగవాళ్లలో ఎక్కువమందికి మొదట లీడ్‌గానీ బారిటోన్‌గానీ కుదురుతుంది. పియానో ఉండదు, శ్రుతిపెట్టె ఉండదు. పిచ్ పైప్ అనే గుండ్రటి చిన్న వాద్యంలో ఒక్క స్వరం ఊది వదిలేస్తారు, దాన్ని మనసులో పట్టుకోవాలి. మొదటి కొన్ని వారాలు పాటను పూర్తిగా పాడకుండా వింటూ నిలబడినా ఎవరూ తప్పుపట్టరు. సభ్యత్వం తీసుకునే ముందు జాతీయ సంఘానికి, ప్రాంతీయ విభాగానికి, స్థానిక శాఖకు చెల్లించవలసిన రుసుములు వేర్వేరుగా ఎంతో శాఖ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. విద్యార్థులకు తగ్గింపు ఉంటుంది, దాన్ని మీరు అడగకపోతే మేమే చెప్పడం మరిచిపోతుంటాం.